‘ముందు బరువు తగ్గి రండి’ అన్న డాక్టరు మీ శత్రువు కాదు



“డాక్టరు గారూ, పొట్ట దగ్గర కొవ్వు ఆపరేషన్ చేసి తీసేస్తే సన్నబడిపోతారటగా?” ఈ ప్రశ్న ఇప్పుడు మన అనకాపల్లిలోనూ వినిపిస్తోంది. కూతురి పెళ్ళి దగ్గరపడిన తల్లులు అడుగుతున్నారు. ఇద్దరు పిల్లలు పుట్టాక పొట్ట జారిపోయిన అక్కచెల్లెళ్ళు అడుగుతున్నారు. కొందరు విశాఖపట్నం దాకా వెళ్ళి, “మీ బరువు ఎక్కువగా ఉంది, ముందు తగ్గి రండి” అనిపించుకుని చిన్నబుచ్చుకుని తిరిగి వస్తున్నారు. “తగ్గలేకే కదా వెళ్ళాం!” అన్నది వారి బాధ. ఆ బాధ నిజమైనదే. అయినా ఆ డాక్టరు చెప్పింది సరైన మాటే అని మా అభిప్రాయం.

లైపోసక్షన్ అంటే చర్మం కింద ఉన్న కొవ్వును గొట్టంతో లాగివేయడం. పొట్ట బిగించే ఆపరేషన్‌లో వేలాడే చర్మాన్ని కోసి తీసి, సాగిన కండరాలను దగ్గరకు కుడతారు. ఈ రెండూ శరీరానికి ఆకృతి ఇచ్చేవే గాని, బరువు తగ్గించేవి కావు. ఒక్కసారిలో లాగే కొవ్వు, ద్రవం కలిపి 5 లీటర్లు దాటితే ప్రమాదం పెరుగుతుందని సర్జన్లు జాగ్రత్తపడతారు. అంటే 90 కిలోల మనిషి 60 కిలోలై ఇంటికి రావడం జరగని పని.

మరి బరువుకు హద్దు ఎక్కడ? చాలామంది సర్జన్లు బి.ఎం.ఐ. 30 లోపు ఉంటే మేలంటారు. 35 దాటితే సాధారణంగా వాయిదా వేస్తారు. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బి.ఎం.ఐ. 155 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీకి 30 అంటే సుమారు 72 కిలోలు, 35 అంటే 84 కిలోలు. మన భారతీయులకు 25 దాటితేనే స్థూలకాయం కింద లెక్క.

ఈ హద్దు ఎవరినీ అవమానించడానికి పెట్టింది కాదు. లావుగా ఉన్నవారికి మత్తు ఇచ్చినప్పుడు శ్వాస ఇబ్బంది ఎక్కువ. కొవ్వు పొరకు రక్తప్రసరణ తక్కువ కనుక కుట్లు ఆలస్యంగా మానతాయి, చీము పట్టే అవకాశం ఉంది. కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టి ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు.

ఇంకొక సంగతి. పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వును లైపోసక్షన్ గొట్టం తాకదు. షుగరుకు, గుండెజబ్బుకు దారి తీసేది ముఖ్యంగా ఆ కొవ్వే. 2004లో అమెరికాలో 15 మంది స్థూలకాయ స్త్రీలకు పొట్ట కొవ్వు బాగా తీసి పరీక్షించారు. ఇన్సులిన్ పనితీరులో గాని, గుండెజబ్బు ముప్పులో గాని మెరుగు కనిపించలేదు.

‘నువ్వు నాకు నచ్చావ్’ కథానాయిక ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో, 31 ఏళ్ళకే కన్నుమూశారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని, శ్వాస ఇబ్బంది పడ్డారని పత్రికలు రాశాయి. ఆ మరణానికి కారణమేమిటో మనం తీర్పు చెప్పకూడదు. అయితే ఇది బ్యూటీ పార్లరు పని కాదని, పెద్ద ఆపరేషనేనని ఆ వార్త తెలుగువారందరికీ గుర్తుచేసింది.

అలాగని బరువు హద్దులో ఉంటే చాలనుకోవద్దు. మన బెల్లం మార్కెట్‌లో కాటా మీద తూకం ఒక్కటే చూసి ధర కడతారా? రంగు చూస్తారు, గట్టిదనం చూస్తారు. ఇక్కడా అంతే. షుగరు, బి.పి. అదుపులో ఉండాలి. పొగ, చుట్ట కనీసం నెల ముందే మానాలి. బరువు కొన్ని నెలలపాటు నిలకడగా ఉండాలి. మళ్ళీ బిడ్డను కనాలనుకునే తల్లి పొట్ట బిగించే ఆపరేషన్‌ను కాన్పు తర్వాతకు వాయిదా వేసుకోవాలి.

డాక్టర్లకు కూడా ఒక విన్నపం. “తగ్గి రండి” అని చీటీ చేతిలో పెట్టి పంపితే సరిపోదు. ఎలా తగ్గాలో చెప్పాలి. థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించాలి. బరువు మరీ ఎక్కువై జబ్బులు కూడా ఉన్నవారికి బేరియాట్రిక్ సర్జరీ అనే వేరే చికిత్స ఉందని తెలియజేయాలి. బాగా తగ్గాక వేలాడే చర్మం కింద ఒరుపు, పుండ్లు పడి బాధపడేవారు ఉన్నారు. వారు ఆపరేషన్ కోరడం సోకు కాదు, అవసరం. వారిని చూసి నవ్వడం తప్పు.

డబ్బు కట్టేముందు మీరు ఈ నాలుగు అడగండి: సర్జన్ ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. లేదా డి.ఎన్.బి. చదివారా? మత్తు డాక్టరు చివరిదాకా ఉంటారా? అవసరమైతే ఐ.సి.యు. ఉందా? నా బరువుకు ఈ ఆపరేషన్ క్షేమమేనా?

చివరి ప్రశ్నకు “ఇప్పుడు వద్దు” అని జవాబు వస్తే కోపగించుకోకండి. బరువు కూడా చూడకుండా “రేపే వచ్చేయండి” అనే చోటికి మాత్రం వెళ్ళకండి. పెళ్ళి ఫోటోలో సన్నగా కనబడటం కంటే, పెళ్ళి తర్వాత ముప్పై ఏళ్ళు ఆరోగ్యంగా ఉండటం ముఖ్యం కదా!