తాత్కాలిక స్టోమా: ఆపరేషన్ బెంగళూరులో, డీహైడ్రేషన్ మన ఊళ్లో

పురీషనాళ క్యాన్సర్ అని చెప్పగానే చాలామంది ముందుగా అడిగేది 'పొట్టకు సంచి పెడతారా?' అనే. గడ్డ మలద్వారానికి బాగా దగ్గరగా ఉంటే, దాన్ని తీసేశాక పేగును చాలా కిందికి అతకాలి. ఆ అతుకు లీకైతే మలం కటి భాగంలోకి చేరి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే అతుకు మానేదాకా చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి మలాన్ని దారి మళ్లిస్తారు. 234 మందిపై స్వీడన్‌లో జరిగిన అధ్యయనంలో (2007) స్టోమా లేనివారిలో 28 శాతం మందికి, ఉన్నవారిలో 10 శాతం మందికి లీకు సమస్య వచ్చింది. తేడా చిన్నది కాదు. అలాగని అందరికీ అక్కర్లేదు. గడ్డ పైభాగంలో ఉంటే చాలాసార్లు సంచి లేకుండానే సరిపోతుంది.

అసలు చిక్కు ఇంటికి వెళ్లాక మొదలవుతుంది. నీటిని పీల్చుకోవాల్సిన పెద్దపేగుకు పని ఉండదు కాబట్టి నీరు, ఉప్పు రెండూ సంచిలోకి పోతాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఎండల్లో పొలానికి వెళ్లేవారికి, పొద్దంతా మగ్గం గుంటలో కూర్చునేవారికి ఇది మరీ కష్టం. దాహమేస్తోందని ఉత్త నీళ్లే బిందెలకొద్దీ తాగితే సంచి ఇంకా త్వరగా నిండుతుంది. ఓఆర్‌ఎస్, ఉప్పు వేసిన గంజి, మజ్జిగ మేలు. రోజుకు లీటరున్నర దాటి పోతున్నా, మూత్రం తగ్గినా, కాళ్లు పిక్కలు పట్టేస్తున్నా ఆగకుండా ఆసుపత్రికి రావాలి. ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతింటాయి. బీపీ, షుగర్ మాత్రలు వాడేవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. సంచి చుట్టూ చర్మం ఒరిసిపోవడం మరో బాధ. ప్లేటు రంధ్రాన్ని స్టోమా కొలతకు సరిగ్గా కత్తిరిస్తే చాలావరకు తగ్గుతుంది.

మామూలుగా రెండు మూడు నెలలకు స్టోమా మూసేస్తారు. కీమో ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. 'తాత్కాలికం' అన్నా సుమారు ఐదుగురిలో ఒకరికి అది మూయడం కుదరదు. మూసిన తర్వాత కూడా కొన్ని నెలలు పదేపదే విరేచనానికి పరుగెత్తాల్సి రావచ్చు. ఇవన్నీ ఆపరేషన్‌కు ముందే చెప్పాలి.

ఇక్కడి రోగుల్లో చాలామంది ఆపరేషన్‌కు బెంగళూరు వెళ్తారు. డీహైడ్రేషన్ వస్తే మాత్రం రావాల్సింది హిందూపురం జిల్లా ఆసుపత్రికో, ధర్మవరం ఏరియా ఆసుపత్రికో. సెలైన్, రక్తపరీక్ష పెద్ద సమస్య కాదు. లేనిది స్టోమా చూసిన అలవాటున్న నర్సు. ప్రతి ఆసుపత్రిలో ఒక్కరికైనా ఆ శిక్షణ ఇప్పించడం ఖరీదైన పనేం కాదు. డిశ్చార్జి కాగితం మీద మూడు విషయాలు రాయించుకోండి: ఏ పేగు బయటికి తెచ్చారు, వారంలోపు సోడియం, క్రియాటినిన్ పరీక్ష ఎక్కడ, మూసే తేదీ సుమారుగా ఎప్పుడు.