ఓటమి వేళ ఓర్పు.. శిక్షకుడికి ఎంత గడువు?

జహీరాబాద్: అంతర్ కళాశాలల ఫుట్‌బాల్ పోటీల్లో ఒక జట్టు తొలి మ్యాచ్‌లోనే ఓడి ఇంటిముఖం పడితే వేళ్లన్నీ శిక్షకుడి వైపే లేస్తాయి. రెండో ఏడాదీ అదే ఫలితం వస్తే ఈ ఆటకు సొమ్ము వెచ్చించడం ఎందుకన్న ప్రశ్న మొదలవుతుంది. మూడో ఏడాదికి జట్టే మిగలదు. గ్రామీణ కళాశాలల్లో ఒక క్రీడ కనుమరుగయ్యే తీరు తరచూ ఇలాగే ఉంటుంది. ఓడుతున్న శిక్షకుడి విషయంలో ఎంతకాలం ఓర్పు వహించాలి? దీనికి సమాధానం కోసం దూరదేశాల వైపు చూడనక్కరలేదు. సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రలోనే అది లభిస్తుంది.

పది గోల్స్ పరాభవం

హైదరాబాద్‌లో 1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆ జట్టుకు ఆడారు. భారత జట్టు శిక్షకుడిగా 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించిపెట్టారు. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఆయన జట్టే యుగోస్లావియా చేతిలో 10-1 గోల్స్ తేడాతో చిత్తయింది. మన ఆటగాళ్లలో ఎక్కువ మంది ఉత్త కాళ్లతోనే బరిలోకి దిగారు. భారత్‌కు దక్కిన ఏకైక గోల్ అహ్మద్ ఖాన్‌ది.

ఆ ఒక్క ఫలితాన్నే కొలబద్దగా తీసుకొని ఉంటే రహీం అధ్యాయం అక్కడితో ముగిసేది. అలా జరగలేదు. ఉత్త కాళ్ల ఆటకు స్వస్తి పలికి బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్ల తర్వాత 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ దశకు చేరిన తొలి ఆసియా దేశం భారతే. సెమీస్‌లో ఎదురైంది మళ్లీ యుగోస్లావియా. ఓటమి తప్పలేదు కానీ తేడా 4-1కి తగ్గింది. భారత్ నాలుగో స్థానంలో నిలిచింది.

జకార్తా పాఠం

1962 జకార్తా ఆసియా క్రీడల్లోనూ ఆరంభం చేదుగానే ఉంది. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2-0తో నెగ్గింది. తర్వాత థాయ్‌లాండ్‌పై గెలిచినా కీలక రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. రహీం ఆయనను పక్కన పెట్టలేదు. సెమీఫైనల్, ఫైనల్ మ్యాచ్‌లలో ఏకంగా దాడి పంక్తిలో ఆడించారు. ఫైనల్‌లో అదే దక్షిణ కొరియాను భారత్ 2-1తో ఓడించింది. పి.కె.బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ మరో గోల్ చేశారు. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆ తర్వాత ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో భారత్‌కు స్వర్ణం దక్కనే లేదు.

ఇందులో గమనించవలసిన అంశం ఒకటుంది. రహీంకు లభించిన గడువు ఊరకే ఇచ్చిన వరం కాదు. ప్రతి ఓటమి తర్వాతా ఆయన జట్టులో ఏదో ఒక మార్పు కనిపించింది. ఓర్పుకు హక్కు అక్కడే పుడుతుంది.

తొలగింపే మందా?

ఇటీవలి ఉదాహరణ హైదరాబాద్ ఎఫ్‌సీ. ఇండియన్ సూపర్ లీగ్‌లో 2019-20లో అడుగుపెట్టిన ఈ జట్టు తొలి సీజన్‌లో 18 మ్యాచ్‌లు ఆడి రెండింటే గెలిచింది. శిక్షకుడిని మధ్యలోనే సాగనంపినా చివరి స్థానం తప్పలేదు. 2020లో వచ్చిన మనోలో మార్కెజ్ తొలి సీజన్‌లో జట్టును అయిదో స్థానానికి చేర్చారు. ప్లేఆఫ్ మాత్రం అందలేదు. యాజమాన్యం ఆయననే కొనసాగించగా 2021-22లో జట్టు విజేతగా నిలిచింది. తర్వాత ఆర్థిక ఇబ్బందుల్లో కూరుకుపోయిన ఆ క్లబ్ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అంటే మార్పు అవసరమైన సందర్భాలూ ఉంటాయి. కొత్తగా వచ్చినవారికి గడువు ఇవ్వకపోతే ఆ మార్పూ వృథాయే. నిధులు లేకపోతే ఎంతటి శిక్షకుడైనా నిస్సహాయుడే.

కళాశాలల్లో పరిస్థితి

గ్రామీణ డిగ్రీ కళాశాలలో ఫుట్‌బాల్‌కు ప్రత్యేక శిక్షకుడు ఉండటం అరుదు. కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్ సహా అన్నింటికీ ఫిజికల్ డైరెక్టర్ ఒక్కరే దిక్కు. ఝరాసంగం, కోహీర్, న్యాల్‌కల్ వంటి మండలాల నుంచి వచ్చే విద్యార్థులు సాయంత్రం సాధనకు ఆగితే ఊరికి వెళ్లే బస్సు అందదు. సెమిస్టర్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు సాధనను నిలిపివేస్తాయి. డిగ్రీ చదువు మూడేళ్లే. చాలామంది బంతిపై పట్టు నేర్చేసరికి మొదటి ఏడాది గడుస్తుంది. జట్టు కుదురుకునేసరికి మూడో ఏడాది వారు పట్టా పుచ్చుకొని వెళ్లిపోతారు. శిక్షకుడు ఏటా కొత్తగా మొదలుపెట్టక తప్పదు.

ఇలాంటి చోట గెలుపోటముల పట్టికతోనే శిక్షకుడిని తూచడం న్యాయం కాదు. అలాగని ఓర్పు పేరిట నిర్లక్ష్యాన్ని కప్పిపుచ్చడమూ తగదు. సాధనకు శిక్షకుడు వేళకు వస్తున్నారా? మొదటి ఏడాది చేరిన ఆటగాళ్లలో ఎందరు మూడో ఏడాది వరకు నిలిచారు? గత ఏడాది చేసిన తప్పులే ఈ ఏడాదీ పునరావృతమవుతున్నాయా? పల్లెల నుంచి కొత్తవారు మైదానానికి వస్తున్నారా? ఈ ప్రశ్నలకు జవాబు సానుకూలంగా ఉంటే ఓడుతున్నా ఆ శిక్షకుడిని కొనసాగించాలి. ప్రతికూలంగా ఉంటే, ఒకటి రెండు మ్యాచ్‌లు గెలిచినా ఆలోచించవలసిందే.

చెరకు రైతుకు తెలిసినదే

జహీరాబాద్ ప్రాంత రైతుకు ఈ లెక్క కొత్త కాదు. చెరకు నాటినవారు కోతకు దాదాపు ఏడాది ఎదురుచూస్తారు. మొక్క తోటలో దిగుబడి తగ్గినంత మాత్రాన చేను దున్నేయరు. మోడు బాగుంటే కార్శి తోటను కాపాడతారు. మోడు కుళ్లితే మాత్రం తీసేస్తారు. కళాశాలలకూ ఆ విచక్షణే కావాలి.

విద్యార్థి చదువుకు పట్టే మూడేళ్లనే శిక్షకుడికీ కనీస గడువుగా నిర్ణయించాలి. ప్రతి ఏడాది చివర పనితీరును సమీక్షించాలి. బంతులు, బూట్లు, ప్రయాణ ఖర్చులు ముందే సమకూర్చాలి. వీటిలో ఏదీ చేయకుండా ఒక ఓటమి చూసి జట్టును రద్దు చేస్తే శిక్షకుడికి కలిగే నష్టం కొంతే. మైదానం దూరమయ్యేది పల్లె నుంచి వచ్చిన విద్యార్థికి.