గృహనిర్మాణ సంఘముల కర్తవ్యము

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు విజయవాడపై విరుచుకొని పడిన సంగతి పాఠకులు మరచియుండరు. మైలవరపు కొండలనుండి దిగి కొల్లేటికి పోవలసిన ఆ వాగును వెలగలేరువద్ద నిలిపి, నీటిని కృష్ణలోనికి మళ్లించుటకు కాలువ త్రవ్వియున్నారు. కృష్ణయే నిండుగా పొంగినపుడు ఆ కాలువ తన నీటిని దింపుకొనజాలదు. నాడు కాలువకు గండ్లు పడెను. అజిత్‌సింగు నగరము, రాజరాజేశ్వరిపేట, పాయకాపురము నీట మునిగెను. కొన్ని వీథులలో వారమునకు పైగా నీరు నిలిచెను. బిడ్డలకు పాలకై పడవలకెదురుచూచిన తల్లుల దైన్యము, మేడలపై రాత్రులు గడపిన వృద్ధుల యవస్థ వర్ణింప నలవికానివి.

దోషమెవ్వరిదను చర్చ అప్పుడే చాల జరిగినది. ప్రభుత్వముల పాలు ప్రభుత్వములకు కలదు. దానిని మేము తగ్గించి చెప్పబోము. కాని ఆ చర్చలో ఒక పక్షమువారి పేరు గట్టిగా వినబడలేదు. ఆ పక్షమువారము మనమే. ఇండ్ల స్థలములకై సంఘముగా చేరి, పొలములు కొని, లేఔటు వేయించి, చుట్టును గోడ కట్టుకొని, ద్వారమునకు పేరు వ్రాయించుకొని, ఆ పిమ్మట సంఘమును, గోడకు ఆవల నున్నవారిని ఒక్కసారిగా మరచిన పట్టణవాసులము. ఇట్టివారు బెజవాడలోనే కాదు, తెలుగుదేశపు నగరములన్నిటను ఉన్నారు.

సహకారోద్యమము మన దేశమున చట్టరూపము దాల్చినది 1904లో. అప్పటి చట్టము అప్పులిచ్చు పరపతి సంఘములకే పరిమితము. 1912 చట్టముతో ఇతర కార్యములకును సంఘములు పెట్టుకొన వీలయ్యెను. మదరాసు రాష్ట్రము 1932లో తన చట్టమును చేసికొనెను. ఆంధ్రప్రదేశమునకు 1964లో వేరొకటి వచ్చెను. ఈ చట్టముల నీడను ఉద్యోగులు, ఉపాధ్యాయులు, వకీళ్లు, వర్తకులు ఎవరికి వారు గృహనిర్మాణ సంఘములు స్థాపించుకొనిరి. స్వంత యిల్లు లేని మధ్యతరగతివానికి ఇవి చేసిన మేలు సామాన్యమైనది కాదు. అయినను పలుచోట్ల స్థలముల పంపకముతోనే సహకారము ముగిసినది. తరువాతి కాలమున సంఘము సమావేశమగుట యెన్నికలకో, వ్యాజ్యములకో! హైదరాబాదు పరిసరములలో శాసనసభ్యులు, న్యాయాధీశులు, ఉద్యోగులు, పత్రికారచయితలు మున్నగువారి సంఘములకు తక్కువ వెలకు ఇచ్చిన భూముల కేటాయింపులను 2024 నవంబరు 25వ తేదీన సుప్రీముకోర్టు కొట్టివేసినది. మా వృత్తివారును అందుండిరి గావున ఈ మాట వ్రాయుట మాకేమియు సుఖముగా లేదు.

హైదరాబాదు సంగతి చూడుడు. 1908 సెప్టెంబరులో మూసీనది ఆ నగరమును ముంచివేసిన తరువాత 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడెను. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియయ్యెను. ఆ రెండు మహాజలాశయములకు మునుపే అచ్చట గొలుసుకట్టు చెరువులు కలవు. ఎగువ చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువును నింపును. అది నిండగా మరియొకటి. ఆ శిఖము భూములలోను, ఆ నీటిత్రోవలలోను కాలనీలు వెలసినవి. కొన్న నాడు అది బీడుగా కనబడెను; పట్టా చేతికి వచ్చెను; అనుమతి దొరకెను. కాని నీటికి పట్టా చదువ రాదు. 2020 అక్టోబరులో బాలాపురము వద్ద గుఱ్ఱపుచెరువు కట్ట తెగి దిగువనున్న హఫీజుబాబా నగరములోని యిండ్లు మునిగినపుడు ఈ సంగతి మరల తెలియవచ్చినది. ఎగువ కాలనీవారు తమ వాననీరు గడియలో దిగిపోవుటకు పెద్ద గొట్టములు వేయించుకొందురు. ఆ నీరు ఎవరి గడపలోనికి పోవునో విచారింపరు. తమ వీథి తడియారినచో చాలును.

మన గ్రామములలో ఇట్టి నిర్లక్ష్యము చెల్లెడిది కాదు. చెరువు బాగుచేసి నిలుపువానికి దశబంధపు మాన్యముండెను. తూములు తెరచి మూయు నీరటికానికి పంటలో పాలుండెను. కట్టకు గండిపడినచో ఆయకట్టుదారులందరును పారలు పట్టుకొని రావలసినదే. ఆ కుడిమరామత్తు పద్ధతిలో పేదలచే బలవంతపు చాకిరియు చేయించిరి. 1858లో మదరాసు ప్రభుత్వము దానికి చట్టమునే చేసెను. ఆ భాగమును తిరిగి తెండని మేము కోరము. కాని నీటి నాశ్రయించినవారందరును నీటికి బాధ్యులను మూలసూత్రము, నేడు పట్టణములలో మేడలు కట్టుకొనిన భూస్వాముల పూర్వులకు కొత్తది కాదు గదా!

ఇరుగుపొరుగు సంఘములు చెడిన పేటను తిరిగి నిలుపుకొనిన దృష్టాంతము కావలెనన్నచో స్కాట్లండులోని గ్లాస్గో నగరమును పరికింపవలెను. మనల నేలినవారి సామ్రాజ్యమునకు ఓడలు కట్టి యిచ్చిన నగరమది. ఆ ఓడలు కట్టిన కూలీల వసతులు మాత్రము దుర్భరములు. 1915లో అద్దెలు పెంచినపుడు గోవను పేటలో మేరీ బార్బరు మొదలగు స్త్రీలు నాయకత్వము వహించి అద్దె చెల్లించుట మానిరి. ఆ సంవత్సరమే అద్దెలను కట్టడిచేయు చట్టము వచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము నగరపాలకులు పాత రాతిమేడలను పేటలకు పేటలే కూల్చి, జనులను ఈస్టర్‌హౌసు, డ్రమ్‌చాపెలు వంటి శివారులకు పంపిరి. ఇండ్లు కొత్తవి, కాని అంగళ్లు లేవు, పని దూరము, పూర్వపు పొరుగువారు తలకొక దిక్కుగా చెదరిరి. 1971లో గోవనువారు తమ సంఘమును స్థాపించుకొనిరి. స్ట్రాత్‌క్లైడు విశ్వవిద్యాలయమునుండి వచ్చిన యువశిల్పులు వారికి తోడై, మేడలను కూల్చకయే ఒక్కొక్క వాటాలో స్నానపుగదిని, మరుగుదొడ్డిని ఇమిడించు ఉపాయమును చూపిరి. 1974 చట్టముతో ధనసహాయము లభింపగా ఇట్టి సంఘములు నగరమంతట పదులకొలదిగా లేచినవి.

ఇందు గమనింపదగినది ధనసహాయము కాదు. ఒక్కొక్క మేడలో ఎనిమిదో పన్నెండో వాటాలు, కప్పు అందరిది, వెనుకటి పెరడు నాలుగు వైపుల మేడలవారికిని ఉమ్మడి. ఒక్క మేడవారు ఎంత శ్రద్ధగలవారైనను ఆ పెరటిని బాగుచేయజాలరు. సంఘముల కార్యవర్గములలో కూర్చుండినవారు ఆ వాటాలలో కాపురమున్నవారే. వారికి జీతము లేదు. 2002లో అద్దెదారుల యోటు తీసికొని, మరుసటి సంవత్సరము నగరపాలక సంఘము ఇంచుమించు 80,000 ఇండ్లను ఒకే పెద్ద సంఘమునకు అప్పగించెను. వానిని చిన్న స్థానిక సంఘములకు పంచియిత్తుమన్న మాట కొంతవరకే చెల్లినది. సంఘము పెద్దదగుకొలది పెరటికి దూరమగునని మా యభిప్రాయము. చిన్నవి చిన్నవిగానే యుండి కలసి పనిచేయుట మేలు. గ్లాస్గోలోని చిన్న సంఘములును ఉమ్మడి వేదికనొకదానిని నడుపుకొనుచున్నవి.

స్కాట్లండువరకు పోనేల అని యెవరైన అడుగవచ్చును. నిజమే. మన పల్లెలలో పదిపదునైదుగురు స్త్రీలు చేరిన పొదుపు సంఘములు గ్రామైక్య సంఘములుగా, అవి మండల సమాఖ్యలుగా, అవి జిల్లా సమాఖ్యలుగా కూడినవి. 1995నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము వారికి ఆ వీలు కల్పించినది. వ్రేలిముద్ర వేయు తల్లులు చేసి చూపిన పనిని, పట్టభద్రులతో నిండిన కాలనీ సంఘములు చేయలేకపోవుట సిగ్గుచేటు.

కావున మా సూచన యిది. ఒక నాలా వెంట, ఒక చెరువు క్రింద నున్న గృహనిర్మాణ సంఘములు, వసతిగృహముల సంఘములు, బస్తీలు కలసి యొక సమాఖ్యగా నేర్పడవలెను. వార్డు సరిహద్దులను బట్టి కాదు, నీరు పోవు దారిని బట్టి. ఇంటింటికి చదరపుగజముల లెక్కన చందా విధింపవలెను; దిగువ పేదలయొద్ద వసూలు చేయరాదు, కాని ఓటు వారికిని సమానముగా నుండవలెను. అద్దెకున్నవారికిని ఓటుండవలెను. నీరు వచ్చినపుడు మునుగునది యింటి యజమాని కాదు, అందు కాపురమున్నవాడు. ఈ మాట పలువురు సభ్యులకు రుచింపదని మాకు తెలియును.

అంతకంటె రుచింపనిది మరియొకటి కలదు. సమాఖ్య చేయవలసిన మొదటి పని పాత గ్రామపటమును తెచ్చి, నీటిత్రోవను గుర్తించి, దానిపై ఎవరి గోడ యున్నదో సభ్యులందరియెదుట చదువుట. గుడిసెతో మొదలుపెట్టరాదు, ప్రహరీతో, వాహనములు నిలుపు మడిగెతో, సంఘపు స్వంత కార్యాలయముతో మొదలుపెట్టవలెను. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వము హైడ్రాను స్థాపించిన పిమ్మట కూల్చివేతలకు యంత్రములు వచ్చినవి. పేదల రోదనలును మిన్నుముట్టినవి. తమంత తామే గోడను జరుపుకొనిన కాలనీవారు, దిగువ బస్తీవారికి ప్రత్యామ్నాయ గృహములు చూపక కదలింపరాదని ప్రభుత్వమును నిలదీయ నర్హులగుదురు. జరుపుకొననివారి మాట నెవరు విందురు?

మూడు లక్షలకు మించిన జనసంఖ్యగల నగరములలో వార్డు సభాసంఘము లుండవలెనని రాజ్యాంగపు 74వ సవరణ విధించియున్నది. వానిలో ఈ సమాఖ్యల ప్రతినిధులకు స్థానమిచ్చుట ప్రభుత్వముల పని. దానికొరకు సంఘములు వేచియుండ నక్కరలేదు. రాబోవు సర్వసభ్య సమావేశమునకు మన కాలనీవారు నివేదికలు అచ్చు వేయించునపుడు, రంగులు, దీపములు, కావలివాండ్ర జీతముల పద్దుల తరువాత ఒక్క తీర్మానము చేర్చుదురు గాక: దిగువ పేటవారిని పిలిపించి, వారి గడపవద్ద నీరు ఎంతవరకు వచ్చెనో వారినోటనే విందుమని.