ఉత్ప్రేరకం ఊరికే కూర్చోదు

కొన్నేళ్ళ క్రితం తొమ్మిదో తరగతి జవాబు పత్రాలు దిద్దుతున్నాను. "ఉత్ప్రేరకం అనగానేమి?" అన్న ప్రశ్నకు ఒక అమ్మాయి "చర్యలో పాల్గొని, మళ్ళీ బయటపడే పదార్థం" అని రాసింది. ఎర్ర సిరాతో కొట్టివేశాను. "చర్యలో పాల్గొనకుండా చర్యా వేగాన్ని మార్చేది" అన్నది నేను చెప్పిన నోట్సు. తప్పు ఆ అమ్మాయిది కాదు, నాది.

రుథేనియం సంగతి చూడండి. ఇది 44వ మూలకం, ఆవర్తన పట్టికలో ఇనుముకు సరిగ్గా కింద ఉంటుంది. దీని సంయోగ పదార్థాలు కొన్ని, నార్బోర్నీన్ వంటి వలయాలను ద్విబంధం దగ్గర విప్పి, ఒకదాని కొసకు ఇంకొకటి తగిలించి పొడవాటి పాలిమర్ గొలుసు కడతాయి. ఇలా ద్విబంధాలు జతలు మార్చుకొనే చర్యను మెటాథెసిస్ అంటారు. దానిపై పరిశోధనలకు షావిన్, గ్రబ్స్, ష్రాక్ అనే ముగ్గురికి 2005లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ పని జరుగుతున్నంతసేపూ రుథేనియం ఎక్కడ ఉంటుందనుకున్నారు? పెరిగే గొలుసు కొసనే, కార్బన్‌తో ద్విబంధం కట్టుకొని! కొత్త వలయం వచ్చినప్పుడల్లా ఆ బంధం తెగి, కొత్త కార్బన్‌తో మళ్ళీ ఏర్పడుతుంది. పాల్గొనడమంటే ఇంకేమిటి?

అయితే వలయం రుథేనియంను చేరాలంటే అక్కడ చోటుండాలి. లోహానికి ఎలక్ట్రాన్ జంటలిచ్చి అంటిపెట్టుకొన్న అణువులను లైగాండ్లంటారు. బస్సులో సీట్లో ఉన్నవాడు లేస్తేనే గదా మరొకరు కూర్చునేది! గ్రబ్స్ బృందం 1999లో తయారుచేసిన ఉత్ప్రేరకంలో ఆ సీటు ఫాస్ఫీన్‌ది. అది ఆఖరి స్టేజీకి టికెట్టు తీసుకొన్న ప్రయాణికుడి లాంటిది. త్వరగా లేవదు, లేచినా మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. 2002లో వారే ఫాస్ఫీన్‌ను తీసివేసి, అమీన్లకు దాయాది అయిన పిరిడిన్‌కు బ్రోమిన్ తగిలించి, అలాంటి అణువులను రెండింటిని అక్కడ పెట్టారు. పిరిడిన్ లోహాన్ని పట్టుకొనేది నత్రజని మీది ఒంటరి ఎలక్ట్రాన్ జంటతో. బ్రోమిన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాగుతుంది గనుక ఆ పట్టు సడలుతుంది. ఫలితం? పని మొదలయ్యే వేగం పది లక్షల రెట్లకు పైగా పెరిగింది. లోహం మాత్రం అదే! గొలుసులన్నీ ఇంచుమించు ఒక్కసారే మొదలవుతాయి కాబట్టి దాదాపు సమాన పొడవుకు పెరుగుతాయి.

నత్రజని ఉన్న లైగాండ్లన్నీ ఇంత మర్యాదస్తులు కావు. మిథైల్ ఇమిడజోల్ వంటివి కలిపితే సీటు గట్టిగా పట్టుకొని ఉత్ప్రేరకాన్ని నిద్రపుచ్చుతాయి. అప్పుడు ఫాస్ఫారిక్ ఆమ్లం వేస్తే మేలుకొంటుంది. ఎందుకంటే ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్ ఆ ఒంటరి జంటను తాను తీసుకొంటుంది. అమోనియా, ఆమ్లం కలిసి లవణమయ్యే చర్య మీరు చదివిందే, ఇదీ అంతే. కొన్ని అమీన్లయితే ఉత్ప్రేరకాన్నే పాడుచేస్తాయి.

పిల్లలకు చిన్న నిర్వచనం చాలునని తోటి ఉపాధ్యాయులు కొందరంటారు. చిన్నదైతే నాకూ అభ్యంతరం లేదు. కాని "ఖర్చు కాదు" అనడం వేరు, "పాల్గొనదు" అనడం వేరు. రెండవది నమ్మిన విద్యార్థికి, సీటులో ఎవరున్నారన్న ప్రశ్నే తోచదు. ఈ ఏడు మా తరగతి నోట్సులో "పాల్గొనకుండా" అన్న మాట కొట్టివేయించాను. మీ నోట్సులో ఉంటే మీ మాస్టారినడగండి. కోప్పడితే ఈ వ్యాసం చూపించండి.