యాంప్లిఫయరు తర్వాత, ముందు చిల్లు వెతకండి

అమెరికాలో పాత ఇల్లు కొంటే ఒక్కోసారి గోడల్లో ఎక్స్10 స్విచ్చులు కూడా ఇంటితోపాటే వస్తాయి. మాకూ అలాగే వచ్చాయి. హాల్లో బటన్ నొక్కితే వంటింటి దీపం ఓసారి వెలుగుతుంది, ఓసారి వెలగదు. ఈ సంగతి ఎవరికి చెప్పినా రెండే సలహాలు. "పీకి పారేసి వైఫై బల్బులు పెట్టుకో" అని ఒకరు, "ఓ యాంప్లిఫయరు తగిలించు" అని ఇంకొకరు. రెంటితోనూ నాకు పేచీ ఉంది. నాడి చూడకుండా మందు రాయడం లాంటివి ఇవి. సర్వరు నెమ్మదిస్తే లాగు చూడకుండా ఇంకో సర్వరు కొనమనే మేనేజర్లు మనకి కొత్తేం కాదుగా!

ముందు ఇది పనిచేసే తీరు చూద్దాం. స్కాట్లండుకి చెందిన పికో ఎలక్ట్రానిక్స్ 1975లో తయారుచేసిన పద్ధతి ఇది. కొత్త తీగలు లాగక్కర్లేదు, ఇంట్లో ఉన్న కరెంటు తీగలే చాలు. కరెంటు అల సున్నా దాటే చోట 120 కిలోహెర్ట్జ్ సిగ్నలు ఒక మిల్లీసెకను పాటు ఉంటే 1, లేకపోతే 0. సరిచూసుకోడానికి, వెంటనే వచ్చే సున్నా దగ్గర దానికి వ్యతిరేకం పంపుతుంది. అంటే సైకిలుకి ఒక్క బిట్టు అన్నమాట. "ఫలానా దీపం" అని రెండుసార్లు, "వెలుగు" అని రెండుసార్లు చెప్పేసరికి 47 సైకిళ్ళు, ముప్పావు సెకను పైనే పడుతుంది. పోనీ అంత నిదానంగా చెప్పాక అవతలివాడు "అందింది" అంటాడా అంటే, మామూలు మాడ్యూలు అనదు. చెవిటివాడి ముందు శంఖమే. మన భాషలో చెప్పాలంటే యూడీపీ.

మరి సిగ్నలు ఎక్కడ పోతోంది? మూడు చోట్ల.

ఒకటి, అమెరికా ఇళ్ళకి 120 వోల్టుల లైన్లు రెండొస్తాయి. హాలు ఒక లైను మీద, వంటిల్లు ఇంకో లైను మీద ఉంటే సిగ్నలు వీధిలో ట్రాన్స్‌ఫార్మరు దాకా వెళ్ళి తిరిగి రావాలి. వచ్చేసరికి నీరసించిపోతుంది. దీన్ని పట్టుకోడానికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. 240 వోల్టుల కరెంటు పొయ్యి వెలిగించి అదే బటన్ నొక్కండి. ఇప్పుడు దీపం వెలిగిందంటే, పొయ్యి తీగచుట్ట రెండు లైన్లకీ వంతెన వేసిందన్నమాట. అప్పుడు మీకు కావలసింది కప్లరు, యాంప్లిఫయరు కాదు. అయితే ప్యానెల్లో అది పెట్టే పని లైసెన్సున్న ఎలక్ట్రీషియనుదే. అక్కడ మన ఇంజనీరింగు డిగ్రీ చెల్లదు.

రెండు, సిగ్నలు మింగేసేవి. కంప్యూటర్లు, టీవీలు, యూపీయెస్సుల్లో రొద అణచడానికి లైనుకి అడ్డంగా కెపాసిటర్లు పెడతారు. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు 60 హెర్ట్జ్ దగ్గర 26 వేల ఓముల పైన ఉంటుంది, 120 కిలోహెర్ట్జ్ దగ్గర 13 ఓములే. అంటే కుండకి చిల్లు. చిల్లు పూడ్చకుండా బిందెలకొద్దీ నీళ్ళు పోస్తే ఏం లాభం?

మూడు, రొద చేసేవి. నాసిరకం ఛార్జర్లూ, ఎల్‌ఈడీ దీపాలూ ఆ చుట్టుపక్కల ఫ్రీక్వెన్సీలోనే గోల పెడితే రిసీవరుకి అసలు మాట వినబడదు.

ఈ రెండో, మూడో రకాల్ని పట్టుకోడానికి మనకి తెలిసిన పద్ధతే, బైనరీ సెర్చ్. సగం బ్రేకర్లు ఆపండి, పరీక్షించండి, మిగతా సగంలో వెతకండి. తర్వాత ఒక్కో ప్లగ్గూ పీకి చూడండి. మా ఇంట్లో దొంగ కంప్యూటరు బల్ల కింద యూపీయెస్. దాని ముందు ఒక ప్లగ్-ఇన్ ఫిల్టరు పెడితే చాలావరకు సర్దుకుంది. యాంప్లిఫయరు అవసరమే రాలేదు.

ఇండియాలో త్రీఫేజ్ ఇళ్ళకి ఇదే గొడవ ఇంకాస్త ఎక్కువ. మూడు ఫేజులు కాబట్టి ఎక్స్10 ఒక్కో సిగ్నల్నీ ఫేజుకొకటి చొప్పున మూడుసార్లు పంపుతుంది. అయినా ఫేజులమధ్య దాటడానికి కప్లరు కావాలి. పైగా స్క్వేర్‌వేవ్ ఇన్వర్టరు మీదికి ఇల్లు మారితే అల ఆకారమే మారిపోతుంది, రొద కూడా తోడవుతుంది.

మరి వైఫై బల్బులో అంటారా? 2022 ఏప్రిల్లో ఇన్స్టియాన్ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. జూన్లో కొందరు వాడకందార్లే కంపెనీని కొని మళ్ళీ నడిపించారు కాబట్టి సరిపోయింది. ఈలోగా ఫోన్లో యాప్ పనిచెయ్యలేదు, గోడమీది స్విచ్చులు పనిచేశాయి. తీగ బదులు గాలి వచ్చినంత మాత్రాన నమ్మకం రాదు. పోయే చోటు మారుతుంది, అంతే.

అందుకే నా సిద్ధాంతం ఒకటే. వరండా దీపం, క్రిస్మస్ దీపాలు, కాఫీ కుండ వీటికి ఎక్స్10 పెట్టుకోండి, తప్పులేదు. మెట్ల దీపానికి మాత్రం వద్దు. మా అమ్మ ఇక్కడికొస్తే ఆర్నెల్లు ఉంటుంది. రాత్రి రెండింటికి మంచినీళ్ళకి కిందికి దిగుతుంది. ఆవిడ మోకాళ్ళకి మళ్ళీ ప్రయత్నించు అనే కమాండు లేదు. అక్కడ మామూలు స్విచ్చే ఉంది, చేత్తో నొక్కేది. వంద సార్లలో తొంభైతొమ్మిది సార్లు వెలిగే దీపం డెమోకి బాగుంటుంది. ఆ మిగిలిన ఒక్కసారీ ఎవరు మెట్లు దిగుతుంటారో చూసుకుని గానీ దాన్ని బిగించకూడదు.