చుక్క మాటున దాగిన శ్రమ

1995లో నెట్‌స్కేప్ సంస్థయందు బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్ట్ భాష నేడు మన ఫోనులలో తెరచుకొను వెబ్ పుటలలో దాదాపు అన్నిటి వెనుకను పనిచేయుచున్నది. ఆ భాషకు 2009 డిసెంబరులో వెలువడిన ఎక్మాస్క్రిప్ట్ ఐదవ కూర్పు గెట్టరు అను సౌకర్యమును ప్రామాణికము గావించినది. ఒక వ్యక్తి వివరములుగల ఆబ్జెక్టులో పుట్టిన తేదీతోబాటు వయస్సును గూడ నిలువ చేసితిమేని, ఏడాది తిరుగునప్పటికి ఆ రెండవది అసత్యమగును. అట్లుగాక వయస్సును గెట్టరుగా నిర్వచించినచో, అడిగినప్పుడెల్ల నాటి తేదీనిబట్టి లెక్కించి నిజమైన యంకెనే చెప్పును. అడుగువాడు బ్రాకెట్లు లేకుండ చుక్క పెట్టి పేరు వ్రాసిన చాలును. విలువ నిలువయున్నదో, అప్పటికప్పుడు గణింపబడినదో వాడుకొనువానికి తెలియనక్కరలేకుండుట మేలని కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు బెర్ట్రాండ్ మేయర్ 1988 నాటి తన గ్రంథముననే ప్రతిపాదించెను.

ఆ తెలియకపోవుటయందే ప్రమాదమును గలదు. చుక్కను చూచినవాడు, ఇచ్చట చదువుట తప్ప వేరొండు జరుగుట లేదని విశ్వసించును. బ్రౌజర్లే ఆ విశ్వాసమునకు భంగము కలిగించుచున్నవి. పుటలోని ఒక భాగపు ఎత్తును తెలుపు ఆఫ్‌సెట్‌హైట్ అనునది చూపునకు వట్టి అంకె. కాని పుటలో ఏదేని మార్పు చేసిన వెంటనే దానిని చదివినచో, ఆ యెత్తును తేల్చుటకై బ్రౌజరు పుట యమరికను అప్పటికప్పుడే మరల లెక్కింపవలసివచ్చును. వందల వరుసలుగల పట్టికలో ఒక్కొక్క వరుసను మార్చుచు, మార్చినదానినెల్ల కొలుచుచు పోవు లూపు వలన, చౌక ఫోనుపై ఆ పుట తడబడి నిలిచిపోవును. కోడును పరిశీలించువానికి మాత్రము అచ్చట శ్రమ యన్నది కానరాదు.

చిక్కులింకను గలవు. గెట్టరుకు జతగా, విలువను స్వీకరించు సెట్టరు లేనిచోట విలువ నొసగబోయిన, సాధారణరీతిని భాష మౌనముగా దానిని త్రోసివేయును; స్ట్రిక్ట్ మోడ్‌నందైనచో టైప్ఎర్రర్ అని చాటును. క్లాసునందలి గెట్టరు ప్రోటోటైపుపై నుండుటచే, ఆబ్జెక్టును జేసన్‌గా మార్చి పంపునప్పుడు ఆ వయస్సు జారిపోవును.

కావున గెట్టరును వ్రాయువాడు దానిని తన సౌలభ్యముగా గాక, చదువువాని విశ్వాసమునకు తాను వహించిన బాధ్యతగా నెంచవలెనని నా దృఢమైన యభిప్రాయము. త్వరితముగా ముగియునట్టియు, దేనిని మార్పనట్టియు లెక్కలకే అది తగును. సర్వరును సంప్రదించు పనిని, దీర్ఘమైన గణనను, ఇతర విలువలను మార్చు కార్యమును బ్రాకెట్లతో పిలువవలసిన ఫంక్షనుగా, క్రియాపదముతో గూడిన పేరిట ప్రత్యక్షముగా నుంచవలెను.