తప్పు ఒక గాయం, మౌనం రెండో గాయం



2024 నవంబరులో బళ్ళారి జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ చేయించుకున్నవారిలో అయిదుగురు బాలింతలు చనిపోయారు. రింగర్ లాక్టేట్ సెలైన్ మీద అనుమానం వచ్చింది. ప్రభుత్వం దాని వాడకం ఆపింది. సరఫరా చేసిన కంపెనీని బ్లాక్‌లిస్టులో పెట్టింది. రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారిని సస్పెండ్ చేసింది. పరిహారం ప్రకటించింది. ఇవన్నీ చెయ్యవలసినవే. కాని తల్లి లేని పసికందును ఒళ్ళో పెట్టుకున్న అమ్మమ్మ పక్కన కూర్చుని, ఏం జరిగిందో ఆమె భాషలో చెప్పడం ఎవరి డ్యూటీ?

మిల్లులో రింగ్ ఫ్రేము దగ్గర వేలు తెగితే యాక్సిడెంటు రిజిస్టరులో రాయాలి. యాజమాన్యం ఎగ్గొడితే యూనియన్ నిలదీస్తుంది. ఆసుపత్రిలో తప్పు జరిగితే మనవాళ్ళకు దక్కేదేమిటి? "మీ కర్మ" అనే మాట, గేటు దగ్గర సెక్యూరిటీ. చీటీ అడిగితే రేపు రమ్మంటారు. ఆ రేపటి కోసం షిఫ్టు మానుకుని తిరిగినవాడికి కూలీ పోతుంది, నిద్ర పోతుంది, చివరకు ఆసుపత్రి మెట్లెక్కే ధైర్యమే పోతుంది. జ్వరం ముదిరినా నాటు మందుతో ఇంట్లోనే పడి ఉంటాడు. రెండో గాయం ఇలాగే ప్రాణం తీస్తుంది.

"తప్పు ఒప్పుకుంటే డాక్టర్లను కొడతారు" అంటున్నారు. నిజం దాచినచోటే రాయి లేస్తుంది. రాత్రంతా నిలబడి పనిచేసే నర్సు మీద మాకు కోపం లేదు, ఆమె కూడా కార్మికురాలే. ఆమెను ముందుకు తోసి వెనక దాక్కునేవారితోనే మా తగాదా.

"ఉచితంగా చేస్తున్నాం" అని ఇఎస్‌ఐవారు అనడానికి వీల్లేదు. మన జీతంలో నూటికి 75 పైసలు కోస్తున్నారు. ఇఎస్‌ఐ వైద్యం వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలని వైద్యుల నియమావళిలో 2002 నుంచీ ఉంది.

ఇంకో మాట. 1980లలో బెంగళూరు నిమ్హాన్స్ ఈ బళ్ళారి జిల్లాలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి తర్ఫీదిచ్చి మనోవ్యాధుల వైద్యాన్ని పల్లెలకు చేర్చింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి "బళ్ళారి నమూనా"యే ఆధారం. దేశానికి దారి చూపిన జిల్లాలో, ఆసుపత్రి వల్లనే గుండె పగిలినవారిని పలకరించే దిక్కుండవద్దా?

అయితే కౌన్సిలింగ్ పేరుతో నోరు మూయించే పని మాకొద్దు. విచారణకు బదులుగా ఓదార్పు ఇస్తామంటే ఒప్పుకోం. రెండూ కావాలి.

మన డిమాండ్లు:

1. తప్పు జరిగిన వెంటనే పెద్ద డాక్టరు స్వయంగా కుటుంబానికి చెప్పాలి. రికార్డులు గడువులోగా ఇవ్వాలి.

2. ఆసుపత్రి అధికారుల చేతికింద లేని కౌన్సిలర్లను నియమించాలి. తెలుగు, కన్నడం, ఉర్దూ వచ్చినవారై ఉండాలి.

3. అవసరమున్నన్నాళ్ళు ఉచితంగా చూడాలి, వచ్చిన రోజుకు కూలీ ఇవ్వాలి.

4. విచారణ నివేదిక బాధితుల చేతికివ్వాలి.

ఇలాంటి దెబ్బ తిన్న ఇల్లు మీ వాడలో ఉంటే ముందు వెళ్ళి కూర్చోండి. తర్వాత యూనియన్ ఆఫీసుకు తీసుకురండి. ఒంటరిగా ఏడ్చేవారి మాట గేటు దాటదు, పదిమంది కలిసి అడిగితే తలుపు తెరవక తప్పదు.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!